నెలవంక కోసం ఉంచిన జాగా

మా మెట్టుగూడ గల్లీలో ఒక మాట తిరుగుతోంది. అనుపమ ఒక్క మీట నొక్కి పాల కంపెనీ లెక్కలన్నీ తుడిచేసిందట. రంజాన్ పండుగ పూట ఊరికి పాలు రాకుండా చేసిందట. అందుకని కంపెనీ వాళ్లు ఆమె మెడలో కార్డు లాక్కుని ఇంటికి పంపించారట. కూరగాయల బండి దగ్గర నేను విన్నప్పుడు కార్డు లాక్కోవడం వరకే ఉంది. ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లేసరికి పోలీసులు వచ్చారు. పిండి గిర్నీ చేరేసరికి అనుపమ బెయిలు మీద ఉంది.

ఈ గల్లీలో ఏ మాట పుట్టినా ముందు నా గుమ్మం తొక్కి పోవడం ఆనవాయితీ. ఇది నన్ను దాటుకుని పోయిన మాట. అప్పుడే నాకు దీని పుట్టుక మీద అనుమానం వచ్చింది. నాలుగు చోట్ల అడిగి, తెలుసుకున్నది తెలుసుకున్నట్టు రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతే. కానీ అడగడానికి చదువెందుకు, కాళ్లూ నోరూ ఉంటే చాలు.

అనుపమ మా ఎదురింటి అనసూయమ్మ వదిన కోడలు. కొడుకు తిరుమల్ రైల్వేలో చేస్తాడు, సగం రోజులు బండి మీదే ఉంటాడు. అనుపమ పొద్దున్నే మెట్రో ఎక్కి బేగంపేటలో పాల కంపెనీ ఆఫీసుకు పోతుంది. పెళ్లికి ముందు నుంచీ అదే కంపెనీ. పాల కంపెనీ అంటే పాలు అమ్ముతుందేమో, మనకు ఒక ప్యాకెట్టు తక్కువకు ఇప్పిస్తుందేమో అనుకున్నాను, కాపురానికి వచ్చిన కొత్తలో. ఆమె పాలను కంటితో కూడా చూడదని తర్వాత తెలిసింది. ఆమె పని డేటాబేస్.

అదేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల చెప్పేది, నాకు అర్థమయ్యేది, మర్నాడు మరిచిపోయేదాన్ని. చివరికి ఇలా గుర్తు పెట్టుకున్నాను. ఏ బూత్‌కు ఎన్ని ప్యాకెట్లు కావాలి, ఏ వ్యాను ఎటు పోవాలి, ఎవరు ఎంత కట్టారు, ఇదంతా ఒక పెద్ద మెషీన్‌లో ఉంటుంది. ఆ లెక్కలు రాసేవాళ్లు వేరు. వాటికి జాగా చాలేలా చూడటం ఈమె మొదటి పని. అడిగిన వెంటనే మెషీన్ జవాబు చెప్పేలా చూడటం రెండోది. అది చచ్చిపోతే మళ్లీ లేపడం మూడోది.

“సచ్చిపోతే లేపుడేందే?” అన్నాను మూడోది విన్నప్పుడు.

“నెలకోపాలి పక్క మెషీన్ల సచ్చినట్టు చేసి, మన దగ్గరున్న కాపీ తోని లేపి చూస్త పెద్దమ్మా. లేవకపోతే గా కాపీ ఉండి ఏం ఫాయిదా?”

ఇది విని అనసూయమ్మ వదిన కోడలికి తెలియకుండా దిష్టి తీసింది.

ఆ అలవాటు ఆమె ఇంటి దాకా తెచ్చింది. వాళ్లింటి తాళంచెవి ఒకటి మా ఇంట్లో ఉంటుంది. నెల మొదట్లో ఒక ఆదివారం అనుపమ వస్తుంది, చెవి తీసుకుంటుంది, పోయి తలుపు తెరిచి చూస్తుంది, తెచ్చి ఇస్తుంది. రెండు మూడుసార్లు చూసి ఊరుకున్నాను. తర్వాత నాకు రోషం వచ్చింది.

“ఏం పిల్లా, నీ చెవి నేనేమన్న మింగిననుకున్నవా?”

“గట్ల కాదు పెద్దమ్మా. ఉన్నదని ఊకుంటే కాదు, తెరిచి చూడాలె. వంగిందో, తుప్పు పట్టిందో, వేరేదాంట్ల కలిసిందో.”

“మా ఇంట్ల ఏదీ కలువదు. తీస్కపో, తెరిచి చూస్కో.”

తీసుకుపోయింది. ఆ రోజు తలుపు తెరుచుకోలేదు. నేనిచ్చింది మా పాత బీరువా చెవి. అనుపమ నవ్వకుండా ఆ చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. అనసూయమ్మ వదిన మాత్రం గేటు దగ్గర నిలబడి, “బీరువాల ఏం దాచినవో మా కోడలికి సుత చూపెడదామనుకున్నవా వదినా?” అని గల్లీ అంతా వినేట్టు అడిగింది.

అత్తాకోడళ్ల మధ్య ఉన్న ఒకే ఒక్క తగాదా ఫ్రిజ్ గురించి. పై అర ఎప్పుడూ ఖాళీగా ఉండాలంటుంది అనుపమ. ఖాళీ అర చూస్తే అనసూయమ్మకు చెయ్యి ఆగదు. ఆమె తప్పు కాదు అది. మా దగ్గర పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వం. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తాం. అలా పెరిగిన మనిషి ముందు ఖాళీ అర పెట్టి చేతులు కట్టుకొమ్మంటే ఎలా? కోడలు ఆఫీసుకు పోగానే దోశపిండి, మొన్నటి పచ్చడి, ఐస్‌క్రీం డబ్బాలో కరివేపాకు పైకి ఎక్కేవి. సాయంత్రం కోడలు వచ్చి దింపేది.

“గంత జాగ ఊకె పెడ్తే లక్ష్మి ఉంటదా ఇంట్ల?” అనేది అత్త.

“సుట్టాలొస్తే ఏడ పెడతరు అత్తమ్మా?”

“రానీ. వచ్చినంక చూద్దాం.”

“వచ్చినంక సర్దుడు షురూ చేస్తే, సుట్టాలు గిన్నె పట్టుకొని ఫ్రిజ్ ముంగట నిలబడాలె.”

“నిలబడ్తరు. మనం వాళ్లింటికి పోయినప్పుడు నిలబడలేదా?”

ఇక పాలు ఆగిన సంగతి. ఇది నాకు ముక్కలుగా తెలిసింది. మొదటి ముక్క రియాజ్ దగ్గర దొరికింది. మా గల్లీ మొదట్లో పాల బూత్ రియాజ్‌ది. నేను ప్యాకెట్టు తీసుకుని కూడా కదలకుండా నిలబడితే, వాడికి తెలుసు, ఏదో అడుగుతానని.

“మీ పండుగలకు క్యాలెండర్ ఉన్నది పెద్దమ్మా,” అన్నాడు. “మాకు చాంద్ ఉన్నది. చాంద్ కనిపిస్తే రేపే పండుగ. లేకుంటే ఎల్లుండి. ఇంటింటికి షీర్ ఖుర్మా, పాల సేమియా. నాకు రోజూ పోయే పాలకు మూడింతలు కావాలె. కానీ ముందే ఆర్డర్ పెట్టి చాంద్ కనిపియ్యకపోతే గా పాలన్నీ నా నెత్తి మీద. అందుకని అందరం ఫోన్ పట్టుకొని కూసుంటం. మసీదుల చెప్పుడు ఆలస్యం, ఊర్ల ఉన్న బూత్‌లన్నీ ఒక్కసారే నొక్కుతయ్.”

ఇదీ అనుపమ ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండే సాయంత్రం. ఎవరు ఏది నొక్కినా అది పెద్ద లెక్కలోకి ఎక్కేలోపే పక్కన ఒక చోట వరసగా పడుతుందట. దాన్ని లాగ్ అంటారు. మెషీన్ చచ్చిపోయిందే అనుకోండి, నిన్నటి కాపీ తెచ్చి, దాని మీద ఈ లాగ్ పొల్లుపోకుండా మళ్లీ నడిపిస్తే, చచ్చే ముందు క్షణం వరకు అన్నీ తిరిగి వస్తాయి. లాగ్ పడే చోటు నిండితే మాత్రం మెషీన్ ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది, ఒక్క ఆర్డరూ తీసుకోదు. నెలవంక కనిపించిన గంటలో మామూలు వారం అంతటి లాగ్ పడుతుందట. అందుకని అనుపమ అక్కడ పెద్ద జాగా అట్టే పెడుతుంది. మిగతా రోజుల్లో చూస్తే దండగగా కనిపించే జాగా.

కనిపించింది. ఎవరికంటే, సదాశివ సారుకు. ఆయన కంప్యూటర్ సెక్షన్‌కు పెద్ద, అనుపమ పైఅధికారి. మంచివాడేనని అందరూ అంటారు. ఈ మధ్యే కూతురి పెళ్లి చేశాడు. పెళ్లి వీడియో మామూలుగా తీయించలేదు, పైన ఎగిరే కెమెరా కూడా పెట్టించాడు. అంత వీడియో ఇంట్లో కంప్యూటర్‌లో పట్టలేదు. ఆఫీసులో అయితే భద్రంగా ఉంటుందని, పండుగ ముందు రోజు మధ్యాహ్నం, అనుపమ ఉంచిన జాగాలోకి ఎక్కించమని ఒకరికి పురమాయించి ఇంటికి వెళ్లిపోయాడు. జాగా ఖాళీగానే ఉంది కదా. ఆయనా ఇక్కడి మనిషే. పక్కింటి గిన్నె ఖాళీగా పంపని ఇంట్లోనే పెరిగి ఉంటాడు.

మిగతాది నాకు కామాక్షి చెప్పింది. కామాక్షి అనుపమ పక్క కుర్చీలో పనిచేసే పిల్ల. అనుపమ ఇంట్లో కూర్చున్నదని తెలిసి అరటిపండ్లు పట్టుకుని చూడటానికి వచ్చింది. నేను అప్పటికే అక్కడ ఉన్నాను, అనసూయమ్మ వదినకు చింతపండు ఒలిచి పెడదామని. అనుపమ లోపల టీ పెడుతుంటే కామాక్షి గొంతు తగ్గించింది.

“చాంద్ కనిపించిందన్నరు పెద్దమ్మా. ఆర్డర్లు వచ్చుడు షురూ అయింది. ఏటేటా గప్పుడు మాకు సమోసాలు తెప్పిస్తది అక్క, హాయిగ చూస్తది. ఈసారి స్క్రీన్ చూసి సమోసా కింద పెట్టింది. జాగ తరిగిపోతున్నది. ఇంత జల్ది ఎట్ల నిండుతదని తెరిచి చూస్తే బరాత్.”

“ఎవరి బరాత్?”

“సదాశివ సార్ బిడ్డది. గుర్రం, లైట్లు, డప్పులు. ముంగట మా సార్ తలకు తువాల కట్టుకొని.”

“ఆడిండా?”

“ఆడిండు పెద్దమ్మా.”

“ఎట్ల ఆడిండు?” ఇది ముఖ్యమని నాకు అనిపించింది.

“నడుము పట్టేసిందాక ఆడిండు. ఇద్దరు వచ్చి కుర్చీల కూసోబెట్టిన్రు. కూసోని సుత చేతులు ఆడించిండు. మా సెక్షన్ మొత్తం వచ్చి నిలబడి చూసింది. అక్క ఒక్కతే జాగ దిక్కు చూస్తున్నది.”

అప్పుడు అనుపమ సదాశివ సారుకు ఫోన్ చేసింది. పాత లాగ్ ఫైళ్లు తీసేయమ్మా, ఎవరడుగుతారు, అన్నాడు ఆయన. అవి తీసేస్తే ఈ రాత్రి మెషీన్ పోతే నిన్నటి కాపీ ఒక్కటే మిగులుతుంది సార్, ఇవాళ్టి ఆర్డర్లలో ఒక్కటి కూడా తిరిగి రాదు, అంది ఈమె. మరి వీడియో తీసేయనా అని అడిగింది. జెర ఆగమ్మా, అన్నాడు ఆయన.

“ఇంకో కాపీ ఉన్నదా సార్?” అని అడిగింది.

“లేదమ్మా. ఫోటోగ్రాఫర్ డిస్కు వాపస్ తీస్కపోయిండు. ఇంకో పెండ్లికి వాడుకున్నడంట.”

కామాక్షి అంటుంది, ఇంకెవరైనా అయితే ఆ మాట వినకుండా వీడియో తీసి పారేసేవారని. నిజమే. తప్పు ఆయనది, జాగా ఈమెది. కానీ అనుపమ చేతికి ఒక పట్టింపు ఉంది. ఇంకో కాపీ లేనిదాన్ని ఆమె తుడవదు. పాల లెక్క అయినా సరే, ఒకరింటి బరాత్ అయినా సరే. అలా అని మెషీన్ బిగుసుకుపోయే దాకా చూస్తూ ఊరుకోనూ లేదు. సగంలో బిగుసుకుంటే బూత్‌ల వాళ్లు ఆర్డర్ పోయిందో లేదో తెలియక మళ్లీ మళ్లీ నొక్కుతారు. అందుకని తన చేత్తోనే ఆర్డర్లు ఆపేసింది. కాసేపు ఆగండి, మళ్లీ తెరుస్తామని బూత్‌లన్నిటికీ కబురు పంపింది. వేరే డిస్కు తెప్పించి వీడియోను అందులోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది. ఇక్కడ బరాత్ మెల్లగా ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు నడుస్తోంది. ఎక్కడం అయిపోయాక కూడా ఈ పిల్ల వెంటనే పాతది తుడవలేదు. కొత్తదాంట్లో మొదట కొంత, మధ్యలో కొంత, చివర కొంత వేసి చూసింది.

“అప్పగింతల కాడ నాకు ఏడుపొచ్చింది పెద్దమ్మా,” అంది కామాక్షి. “అక్క మాత్రం సౌండ్ సరిగ వస్తున్నదా లేదా అని చూసింది.”

తర్వాత తుడిచింది. జాగా తిరిగి వచ్చింది. ఆర్డర్లు తెరిచింది. అప్పటికే వ్యాన్లు నింపే వేళ దాటిపోయింది. అందుకే మర్నాడు పొద్దెక్కాక వచ్చాయి పాలు. మా గల్లీలో ఆ పొద్దున టీ లేదు. టీ లేని మా గల్లీ సంగతి చెప్పకూడదు. రియాజ్ తల్లి ఇమాంబీ నెయ్యిలో సేమియా వేయించి, పాల కోసం చూసి, దించి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, చివరికి వాకిట్లో కుర్చీ వేసుకుని వ్యాను కోసం కూర్చుంది. ఆ మాటా ఈ మాటా కలిసి మధ్యాహ్నానికి అనుపమ కంపెనీ లెక్కలన్నీ తుడిచేసింది.

రియాజ్‌ను ఇది కూడా అడిగాను. “నీ ఆర్డర్ ఏమన్న తప్పు పోయిందారా?”

“లేటైంది పెద్దమ్మా. తక్కువ కాలే. ఆపకముందు పెట్టింది, ఆపినంక పెట్టింది, అన్నీ లెక్క తోని వచ్చినయ్. అమ్మీ మాత్రం నాతోని మూడు రోజులు మాట్లాడలే.”

పండుగ అయ్యాక కంపెనీలో పెద్ద సారు, అంటే యజమాని, పాలు ఎవరు ఆపారని అడిగాడు. అనుపమ ఆపిందని సదాశివ సారు చెప్పాడు. అది అబద్ధం కాదు. ఎందుకు ఆపిందో మాత్రం చెప్పలేదు. పిలిచేదాకా ఇంట్లోనే ఉండమని అనుపమకు చెప్పారు. పిలిచి, విని, ఉంచుతారో తీస్తారో తేలుస్తామన్నారు.

అనసూయమ్మ వదిన బెంగ అంతా దీని మీదే. “ఒక్క ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతదనుకో వదినా. కానీ లెక్కలు చెడగొట్టిందని పేరొస్తే, ఇంకే కంపెనీ దీని చేతికి మెషీన్ ఇస్తది? దీనికి ఇంకో పని రాదాయె. మెషీన్ సచ్చిపోతే లేపుడు తప్ప ఏం తెల్వదు.”

ఇంట్లో కూర్చున్న అనుపమ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. వంటింట్లో డబ్బాలన్నీ దింపి, ఎక్కువగా వాడేవి చేతికి అందే చోట, ఏడాదికోసారి వాడేవి పైన పెట్టింది. అనసూయమ్మకు జీలకర్ర ఎక్కడుందో తెలియకుండా పోయింది. “నా చెయ్యికి తెలుసు వదినా ఏదేడున్నదో. ఇప్పుడు నా చెయ్యి పరేషాన్ అయితున్నది,” అని నాకు చెప్పుకుంది. ఆఫీసులో కూడా అనుపమ ఇలాగే సర్దిందట. అంతకుముందు ఒక్క బూత్ లెక్క చూడాలన్నా మెషీన్ ఊరిలో బూత్‌లన్నీ వెతికి వచ్చేదని, ఈమె సర్దాక అడిగిన మాట పూర్తయ్యేలోపే జవాబు వస్తుందని కామాక్షి అంది. ఆ కామాక్షిని ఒకసారి మా వదిన వంటింట్లోకి తెచ్చి జీలకర్ర అడిగించాలి.

పెద్ద సారు రేపు రమ్మన్నాడని కబురొచ్చిన సాయంత్రం నేను కరివేపాకు కోసం వాళ్లింటికి పోయాను. అనుపమ చపాతీ పిండి పిసుకుతోంది. ఫోన్ మోగింది. చేతులకు పిండి ఉందని మోచేత్తో స్పీకర్ నొక్కింది. అది నా తప్పు కాదు.

“అనుపమా, సదాశివను మాట్లాడుతున్న.”

“చెప్పండి సార్.”

“రేపు పెద్ద సార్ అడుగుతడు. మెషీన్ దానంతట అదే ఆగిందని చెప్పు. గంతే. ఎవరి తప్పూ లేదు. నీకు తక్లీఫ్ లేదు, నాకు లేదు. నేను సుత అదే అంట. ఎల్లుండి నీ సీట్ల నువ్వు కూసుంటవ్.”

“ఆలోచిస్త సార్.”

“ఆలోచించేటందుకు ఏమున్నది తల్లీ. బిడ్డ పెండ్లి వీడియో కాపాడినవ్, నీ మేలు మరువ. జెర నా మాట సుత కాపాడు.”

ఫోన్ పెట్టేశాడు. అనసూయమ్మ నా దిక్కు చూసింది, నేను అనసూయమ్మ దిక్కు చూశాను. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం.

“చెప్పెయ్యి బిడ్డా,” అంది అత్త. “మంచి మాటే అన్నడు.”

“అవును పిల్లా,” అన్నాను నేను. “మెషీన్‌కు పేరు చెడితే ఏం పోయింది? దానికేమన్న సంబంధాలు చూస్తున్నరా?”

“మెషీన్ వచ్చి నేను ఆగలే అంటదా?” అంది అత్త.

“అన్నా గానీ ఎవరు నమ్ముతరు?” అన్నాను నేను.

అనుపమ పిండిని రెండు చేతులతో మలిచి గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పింది. నా దిక్కు తిరిగి, “కరివేపాకు తెంపుకున్నరా పెద్దమ్మా?” అంది. పొమ్మనడం కూడా ఆ పిల్లకు మర్యాదగా వస్తుంది.

మర్నాడు ఆమె వెళ్లింది, వచ్చింది. నేను గేటు దగ్గరే ఉన్నాను గానీ మొహం చూసి ఏమీ తెలియలేదు. అనసూయమ్మను అడిగితే, “అలిసిపోయిన అత్తమ్మా అని పండుకున్నది,” అంది. రియాజ్‌ను అడిగితే, అప్పుడప్పుడు బూత్‌ల దిక్కు వచ్చే సదాశివ సారు ఈ మధ్య కనిపించడం లేదన్నాడు. కామాక్షికి ఫోన్ చేస్తే, లోపల ముగ్గురే ఉన్నారని, తలుపు మందమని చెప్పింది. ఈలోపు గిర్నీ దగ్గర కొత్త మాట పుట్టింది. అనుపమ పెద్ద సారు కాళ్లు పట్టుకుందట. ఇస్త్రీ బండి దగ్గర, నేరం మెషీన్ మీద వేసి తప్పించుకుందట. రెండో మాట విన్నప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, నా సలహా పనిచేసిందేమోనని.

ఆ తర్వాతి పొద్దున ఎదురింటి తలుపు తెరుచుకుంది. అనుపమ భుజాన బ్యాగు వేసుకుని, మెడలో కార్డుతో బయటికి వచ్చి, మెట్రో దిక్కు నడక మొదలుపెట్టింది.

అప్పుడు నాకు తట్టింది. బూత్‌లో అడిగాను, బండి దగ్గర అడిగాను, అత్తను అడిగాను, పక్క కుర్చీ పిల్లను అడిగాను. ఈ పిల్లను ఒక్కసారి కూడా అడగలేదు. చెప్పులు దొరికినవి వేసుకుని వెనకాలే పోయాను. మెట్రో మెట్ల కింద అందుకున్నాను. ఊపిరి పీల్చుకునే దాకా ఆమే ఆగింది.

“పిల్లా, సుట్టు తిప్పకుండ చెప్పు. పెద్ద సార్ ముంగట ఏం చెప్పినవ్?”

అనుపమ బ్యాగు పట్టీ భుజం మీదికి జరుపుకుంది.

“నేనే ఆపిన అని చెప్పిన పెద్దమ్మా. మళ్ల ఎవరన్న గా జాగ నింపితే, మళ్ల ఆపుత అని సుత చెప్పిన.”